నెల తప్పిన లెక్క

మా ఊళ్ళో ఆడదానికి ముట్టు వచ్చిందో లేదో ఊరంతటికీ తెలుసు. దాచుకునే వీలు లేదు. పొద్దున లేచేసరికి కోడలు పొయ్యి దగ్గర కాకుండా వెనక వసారాలో గోనెపట్టా మీద కూర్చుని ఉంటే ఇంక అడగక్కర్లేదు. నీళ్ళకు పోయినప్పుడు అందరూ ముంచుకునే ఊట దగ్గర ఆగకుండా గెడ్డ కింది మలుపు దాకా నడిచిందంటే అడగక్కర్లేదు. అత్త, ఆడబిడ్డ, ఎదురింటి పెద్దమ్మ, దారిన పోయే మరిది, అందరికీ ఆ లెక్క నోటికి వచ్చు. మా నెలలు మాకంటే వాళ్ళకే బాగా గుర్తు.

అందుకే మేం పిల్లలు పుట్టకుండా మాత్రలు మొదలుపెట్టినప్పుడు, మాత్ర మింగడం దాచగలిగాం గానీ ఆ మాత్ర మా ఒంట్లో తెచ్చిన మార్పును దాచలేకపోయాం. ఈ సంగతి మాకు ముందు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే మాలో ఒకామెకు రక్తం ఎక్కించాల్సిన అవసరం వచ్చేది కాదు, ఇంకొకామె పంచాయితీ గడప దాకా వెళ్ళేది కాదు. అందుకే రాస్తున్నాం.

మేం నలుగురం. పాడేరు ఘాట్ ఎక్కి, మళ్ళీ మండల కేంద్రం నుంచి ఏడు కిలోమీటర్లు వస్తే మా ఊరు. అందులో చివరి మూడు కిలోమీటర్లు కాలిబాట. 2022లో మా జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు గానీ ఆ మూడు కిలోమీటర్లు అలాగే ఉన్నాయి. ఇక్కడ పేర్లు రాయం. ఊళ్ళో కూడా మేం పేర్లతో పిలుచుకోం. పెద్దొదిన, నడిపామె, చిన్నామె, బడామె. బడామె అంటే మాలో చదువుకుని పక్క ఊరి బడిలో పిల్లలకు చెప్పేది. పట్టీ వెనక అక్షరాలు చదవగలిగింది ఆమె ఒక్కతే. చదివింది గానీ అర్థం చెప్పలేకపోయింది. ఆ తప్పు కూడా మా లెక్కలోనే వేసుకుంటున్నాం.

అంతా మొదలైంది ఒక డోలీతో. ఆ ఏడు శ్రావణంలో నడిపామెకు నొప్పులు వచ్చాయి. వాన. డోలీ కట్టి మోసుకుపోతుంటే కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్టు కిందే కాన్పయిపోయింది. బిడ్డ ఏడ్చింది, తల్లి నవ్వింది, మేం మాత్రం వణికిపోయాం. చీర అడ్డం పట్టుకున్న చేతులు మావే. ఆ రాత్రి నలుగురం పొయ్యి దగ్గర కూర్చుని ఇంకో నాలుగేళ్ళ దాకా మనకెవరికీ డోలీ వద్దు అనుకున్నాం. ఆపరేషన్ సంగతి వేరు. ఇంకా పిల్లలు కావాలి, ఇప్పుడే వద్దు. అలాంటివాళ్ళకు మాత్రలున్నాయని బడామె ఎక్కడో విన్నది.

ఆ బిడ్డకు ఆరు నెలలు నిండాక మందుల కోసం వెళ్ళాం. చంటిబిడ్డకు పాలిచ్చే తల్లి ఆరు నెలల లోపు మాలా-ఎన్ వాడకూడదట. అది చెప్పారు. మిగిలినవేవీ చెప్పలేదు. మాత్రలు ఇచ్చిన మనిషి మంచిదే, మా మీద కోపం లేదు, కానీ ఆమెకు ఆ రోజు పది ఊళ్ళ పని ఉంది. ముగ్గురికి సరిపడా మాలా-ఎన్ పట్టీలు చేతిలో పెట్టింది. నాలుగో మనిషికి వచ్చేసరికి అవి అయిపోయాయి. సంచి వెతికి, ఇవి ఛాయా మాత్రలు, ఇవీ అవే అని చిన్నామెకు ఇచ్చింది. అవీ ఇవీ ఒకటి కావు. చాలా రోజుల తరవాత తెలిసింది.

మాలా-ఎన్ పట్టీలో 28 మాత్రలుంటాయి. 21 తెల్లవి, 7 గోధుమరంగువి. రోజూ ఒకటి, పట్టీ అయిపోగానే మర్నాడే కొత్త పట్టీ. ముట్టు వచ్చిన అయిదు రోజుల్లోపు మొదలుపెట్టాలి. మేం దాన్ని బియ్యం డబ్బాలో దాచాం. పొద్దున్న మరిచిపోతామని రాత్రి అంబలి తాగాక మింగేవాళ్ళం.

మొదటి పట్టీ సగంలో నడిపామెకు చుక్క కనిపించింది. గుడ్డకు ఓ మరక, అంతే. మర్నాడు లేదు. ఆ మర్నాడు మళ్ళీ ఉంది. చదువుకున్న పట్నం మనిషికైతే అది మరక. మా ఇళ్ళల్లో అది ముట్టు. చుక్కయినా ముట్టే, ధారయినా ముట్టే. ఆమె గోనెపట్టా తీసుకుని వసారాలో కూర్చుంది. మూడు రోజులకు తలంటుకుని ఇంట్లోకి వచ్చింది. రెండు రోజులాగి మళ్ళీ చుక్క. మళ్ళీ వసారా. ఇంతలో గోధుమరంగు మాత్రలు వచ్చాయి, అప్పుడు అసలు ముట్టు. ఆ నెల మొత్తం మీద పద్నాలుగు రోజులు ఆమె ఇంటి బయటే ఉంది. చంటిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని, మాఘమాసం చలిలో. మా కొండల మీద చలి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

అత్త మొదట జాలిపడింది. తరవాత విసుక్కుంది. "ఏటే, ఒగ్గదా నీ ముట్టు? కుండ దించేదెవురు, కల్లం ఊడ్చేదెవురు?" అంది. ఆమె మాట కరుకే గానీ, అరవై ఏళ్ళ మనిషి మళ్ళీ పొయ్యి ముందు కూర్చుని కళ్ళు పొగబెట్టుకోవాల్సి వచ్చింది, అదీ నిజమే.

రెండో పట్టీలో కూడా అంతే. అప్పుడు వచ్చింది ఇటుకల పండుగ. చదువుతున్న మీలో మైదానం నుంచి వచ్చిన టీచర్లు ఉంటే వాళ్ళ కోసం చెబుతున్నాం. చైత్రంలో మా ఏజెన్సీ ఊళ్ళల్లో చేసే పండుగ అది. మగవాళ్ళు వేటకు పోతారు, ఆడవాళ్ళు దారికి కర్ర అడ్డంపెట్టి వచ్చేపోయే బళ్ళ దగ్గర పైసలు వసూలు చేస్తారు. మీరు ఘాట్ రోడ్డులో ఆగి ఇచ్చే ఉంటారు. పత్రికల్లో ఫోటోలు వేసేది దాన్నే. కానీ మాకు అది విత్తనాల పండుగ. ఇంటింటి నుంచి సామలు, చోళ్ళు, వరి, కంది, అన్నిట్లోంచీ కొంచెం కొంచెం బుట్టలో పెట్టి శంకుదేవుడి దగ్గరకు తీసుకుపోతారు. పూజయ్యాక ఆ గింజలు ఇంటి విత్తనంలో కలుపుతారు. ఆ బుట్ట సర్దేది ఇంటి కోడలు.

ఆ పొద్దున నడిపామెకు చుక్క కనిపించింది. దాచొచ్చు. ఎవరికి తెలుస్తుంది? కానీ ఆమె దాచలేదు. గింజను మోసం చెయ్యలేనంది. పదేళ్ళ ఆడబిడ్డ కూతురు బుట్ట ఎత్తుకుని పోయింది. డప్పుల చప్పుడు వినిపిస్తుంటే ఈమె వసారాలో గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ ఏడు వాన ఆలస్యమై సామలు పల్చగా మొలిచాయి. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడం ఎలా ఉంటుందో ఉమ్మడి ఇంట్లో బతికినవాళ్ళకు తెలుసు.

మూడో పట్టీ సగంలో ఆమె దాన్ని గెడ్డలో పారేసింది. ఈ పాడు మాత్రల వల్ల ఒంట్లో రక్తమంతా పోతోందని అత్తా ఆమే ఒక మాట మీదకు వచ్చారు. మాకూ అలాగే అనిపించింది. కొత్త మాత్రకు ఒళ్ళు అలవాటు పడేదాకా ఇలా మధ్యమధ్య చుక్క కనబడడం మామూలేననీ, చాలామందికి రెండు మూడు పట్టీల్లో అదే సర్దుకుంటుందనీ మాకు తెలియదు. ఇంకొక్క పట్టీ ఆగమని చెప్పేవాళ్ళు లేరు. మాత్ర ఆపాక మళ్ళీ కడుపు రావడానికి ఆట్టే కాలం పట్టదన్నది కూడా తెలియదు. వానలు ముదిరేసరికి ఆమెకు నిజంగానే నెల తప్పింది. అంతకుముందు కాన్పుకు పోయిన రక్తమే ఇంకా పూర్తిగా రాలేదు. పరీక్ష చేస్తే 7 చూపించింది. ఎనిమిదో నెలలోనే తీసుకుపోయి ఆసుపత్రి దగ్గర గర్భిణుల కోసం పెట్టిన గదుల్లో ఉంచాం. రక్తం ఎక్కించారు. బిడ్డ దక్కింది, కిలో తొమ్మిది వందలు తూగింది. తల్లి ఇప్పటికీ మెట్ట ఎక్కితే మధ్యలో కూర్చుండిపోతుంది.

ఇంక చిన్నామె సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలాసేపు అనుకున్నాం. రాయమంది ఆమే.

ఆమెకు ఇచ్చినవి ఛాయా మాత్రలు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తరవాత వారానికి ఒకటే. ముట్టు వచ్చిన మొదటి రోజు మొదటి మాత్ర వేసుకోవాలి, అక్కడి నుంచి ఆ వారమే లెక్క. ఆమెకు ముట్టు శుక్రవారం వచ్చింది. మాకు సంత కూడా శుక్రవారమే. శుక్రవారం, సోమవారం మూడు నెలలు. ఆ పైన ఒక్క శుక్రవారమే. సంతకు పోయేముందు మాత్ర, మరిచిపోయే పని లేదు. రోజూ మింగే మాకంటే ఆమే నయం అనుకున్నాం.

ఇటుకల పండుగ అయ్యాక ఆమె పెనిమిటి ఊరి కుర్రాళ్ళతో కలిసి కేరళ పనులకు పోయాడు. మనిషి ఎప్పుడొస్తాడో తెలియదు కాబట్టి ఈమె మాత్ర మానలేదు. ఆషాఢంలో ఆమె ముట్టు ఆలస్యమైంది. ముప్పై రోజులు, ముప్పైఅయిదు, నలభై. వసారా ఖాళీగా ఉంది. నలభైఅయిదో రోజుకు గెడ్డ దగ్గర మాటలు మొదలయ్యాయి.

మా భాషలోనే ఉంది చిక్కు. నెల తప్పింది అంటే కడుపు అనే ఒక్కటే అర్థం. వేరే అర్థానికి మా నోట మాటే లేదు. మొగుడు ఊళ్ళో లేడు, భార్యకు నెల తప్పింది. ఇంక చెప్పేదేముంది? అత్త మాట్లాడ్డం మానేసింది. మామ కేరళకు ఫోన్ చేయించాడు. పెద్దమనుషులు రెండు రోజుల్లో కూర్చుందాం అన్నారు. ఎవరితో అన్న ప్రశ్న పుట్టింది. సంతలో ఆమె తూకం దగ్గర నవ్వుతూ మాట్లాడిన వ్యాపారి పేరు, కాఫీ కొలిచే కుర్రాడి పేరు, ఇలా ఒక్కొక్క పేరూ పైకి వచ్చింది.

ఆమె తప్పు చెయ్యలేదని మాకు తెలుసు. కానీ నిజం చెప్పాలి, మాలో కూడా ఒక్క క్షణం అనుమానం కదిలింది. మాత్ర వేసుకుంటే కడుపు రాదు, కడుపు లేకపోతే నెల ఎందుకు తప్పుతుంది? మా తెలివి అక్కడిదాకే. చిన్నామె తనను తానే నమ్మలేని స్థితికి వచ్చింది. తన పెనిమిటి వెళ్ళేముందు రోజులదేమోనని వేళ్ళు లెక్కపెట్టింది. ఆ తరవాత రెండుసార్లు ముట్టు అయిందన్న సంగతి కూడా భయంలో మరిచిపోయింది. చివరికి పక్క ఊరి ముసలమ్మ దగ్గర పసరు తాగడానికి సిద్ధమైంది. ఆ వేరు అరగదీసి తాగి రక్తం ఆగక ఒకామె పోయిన సంగతి మాకు గుర్తుంది. లేని కడుపును పోగొట్టుకోవడానికి ఉన్న ప్రాణం మీదకు తెచ్చుకునేది.

ఆపింది పెద్దొదిన. రాత్రి వచ్చి గుమ్మంలో అడ్డంగా పడుకుంది. "తెల్లారనీ, ముందు కడుపుందో లేదో సూద్దాం" అంది. బడామె చీకట్లోనే ఆశా కార్యకర్త ఇంటికి పోయి నిశ్చయ్ పరీక్ష తెచ్చింది. పొద్దున్నే మొదటి ఒంటేలు చిన్న గిన్నెలో పట్టి రెండు చుక్కలు వెయ్యాలి. అయిదు నిమిషాలు. రెండు గీతలు వస్తే కడుపు, ఒక్క గీత వస్తే లేదు. నలుగురం పశువుల సాలలో దీపం దగ్గర పెట్టుకుని కూర్చున్నాం. ఒక గీత వచ్చింది. రెండోది వస్తుందేమోనని కళ్ళు చిట్లించి చూశాం. రాలేదు. చిన్నామె ఏడవలేదు. దాన్ని కొంగులో ముడేసుకుని తిన్నగా అత్త ముందుకు పోయి పెట్టింది.

అత్త నమ్మలేదు. పుల్లను ఎవరు నమ్ముతారు? అందుకే అందరం కలిసి ఆసుపత్రికి పోవాల్సి వచ్చింది, అత్తతో సహా. ఆ శుక్రవారం సంతకు ఎవరం పోలేదు.

అక్కడ ఉన్న లేడీ డాక్టరు చిన్న పిల్ల, కొత్తగా వచ్చింది. ఆమె మమ్మల్ని తిట్టలేదు. ఓపీ చీటీ వెనక బొమ్మ వేసింది. బడామె పదో తరగతిలో ఆ బొమ్మే గీసి మార్కులు తెచ్చుకుంది. ఆశ్రమ పాఠశాలలో సారు ఆ పాఠం వచ్చినప్పుడు మీరే చదువుకోండి అని పేజీ తిప్పేశాడు. ఆడపిల్లలు తల వంచుకున్నారు, మగపిల్లలు ముసిముసిగా నవ్వారు. బొమ్మ నోటికొచ్చింది గానీ, అది తన ఒంట్లోనే ఉందని ఆమెకు పాతికేళ్ళు దాటాక ఆ చీటీ వెనక చూసినప్పుడు తెలిసింది.

డాక్టరమ్మ చెప్పింది మా మాటల్లో రాస్తున్నాం. నెలనెలా ఆడదాని ఒంట్లో ఒక అండం విడుదలవుతుంది. బిడ్డ వస్తే పడుకోడానికి గర్భసంచి లోపల మెత్తటి పొర పెరుగుతుంది. బిడ్డ రాకపోతే ఆ పొర ఊడి రక్తంతో బయటికి వస్తుంది. అదే ముట్టు. మాలా-ఎన్ తెల్ల మాత్రల్లో రెండు రకాల హార్మోన్లు ఉన్నాయి. అవి అండాన్ని విడుదల కానివ్వవు, పొరను కూడా ఎక్కువ పెరగనివ్వవు. 21 తెల్లవి అయిపోయి గోధుమరంగువి మొదలుపెట్టగానే హార్మోన్లు అందక ఆ పలుచటి పొర ఊడుతుంది. గోధుమరంగు మాత్రలు ఉత్త ఇనుము, రక్తం పట్టడానికి. అందుకే ముట్టు ఆ ఏడు రోజుల్లోనే వస్తుంది, కొంచెమే వస్తుంది, రెండు రోజుల్లో అయిపోతుంది.

బడామెకు జరిగింది అదే. అయిదు రోజుల ముట్టు రెండు రోజులకు తగ్గింది, కడుపునొప్పి పోయింది. కానీ ఆమె సంతోషించలేదు. రావాల్సిన చెడు రక్తం లోపలే ఉండి గడ్డ కడుతోందని బెంగపడింది. మా అమ్మలు అలాగే చెప్పేవారు. డాక్టరమ్మను అదే అడిగింది. ఆవిడ జవాబు చెప్పేలోగా పెద్దొదిన అందుకుంది. "సాలలో గడ్డి తక్కువ పరిస్తే పొద్దున్న ఊడ్సేది కూడా తక్కువే గదా. ఉండిపోడానికి అక్కడేటుంది?" అంది. డాక్టరమ్మ నవ్వి, నేను ఇంతకంటే బాగా చెప్పలేను అంది. చెడు రక్తమని వేరే ఏదీ లేదట. ఒంట్లో ఉన్నదంతా ఒకటే రక్తం. మా లాంటి రక్తం తక్కువ మనుషులకు ముట్టు తగ్గడం మేలేనట.

ఛాయా తీరు వేరు. అందులో హార్మోన్ లేదు. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థలో మన దేశపు శాస్త్రవేత్తలే తయారుచేశారు. అంతకుముందు సహేలి అనే పేరుతో దుకాణాల్లో అమ్మేవారు. పాలిచ్చే తల్లులు కూడా వాడుకోవచ్చు. దానితో కొంతమందికి ముట్టుకూ ముట్టుకూ మధ్య ఎడం పెరుగుతుంది, నలభై రోజులు, ఇంకా ఎక్కువ. రక్తం కూడా తగ్గుతుంది. రావాల్సిన రోజు దాటి 15 రోజులయినా రాకపోతే అప్పుడు కడుపు పరీక్ష చేయించుకోవాలి. లేదని తేలితే మాత్ర కొనసాగించుకోవచ్చు. చిన్నామెకు జరిగింది అచ్చంగా అదే. ఇదంతా చెప్పడానికి డాక్టరమ్మకు పావుగంట పట్టింది.

అత్త అంతా విన్నది. బయటికి వచ్చాక చిన్నామె చెయ్యి పట్టుకోలేదు, తప్పయిందనలేదు. దారిలో జీలుగు చెట్టు కింద ఆగి, తన చద్దిమూట విప్పి ముందు ఆమెకు పెట్టింది. పంచాయితీ జరగలేదు. కానీ కేరళకు పోయిన ఫోను వెనక్కి రాదు కదా. పెనిమిటి దసరాకు వచ్చి నెల్లాళ్ళు మాట్లాడలేదు. వ్యాపారి పేరు ఇప్పటికీ అప్పుడప్పుడు ఎవరో ఒకరు నవ్వులకి అంటారు. ఆ నవ్వు మాకు నచ్చదు.

అదే రోజు పెద్దొదిన మాత్రలు ఆగిపోయాయి. డాక్టరమ్మ వయసు అడిగింది, ముప్పయ్యెనిమిది. చుట్ట తాగుతావా అంది. అడ్డపొగే తాగుతానంది పెద్దొదిన గర్వంగా, నిప్పు కొస నోట్లో పెట్టుకుని. మా వైపు ముసలీ ముతకా చాలామంది అంతే. ముప్పయ్యయిదు దాటి పొగతాగే ఆడవాళ్ళు మాలా-ఎన్ వాడితే రక్తం గడ్డకట్టి గుండెకూ మెదడుకూ ముప్పు రావచ్చట. బీపీ ఉన్నవాళ్ళూ వాడకూడదు. ఆమెకు రెండూ ఉన్నాయి. ఆరు నెలలుగా మింగుతోంది, ఒక్కరైనా నువ్వు చుట్ట తాగుతావా అని అడగలేదు. చుట్ట మానెయ్యమంది డాక్టరమ్మ. పెద్దొదిన ఆలోచించి, "అయితే మా ముసలోడికి నిరోధ్‌లియ్యండి, ఆడికేం జబ్బు" అంది. ముసలోడికి నలభైరెండేళ్ళు. మొదటి నెల సిగ్గుపడ్డాడని చెప్పింది. ఇప్పుడు తనే అడిగి తెచ్చుకుంటాడట.

ఇంకో రెండు సంగతులు కూడా ఆవిడ చెప్పింది, మా ఊళ్ళకు కావాల్సినవి. టీబీ మందులు వాడుతున్నవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. ఆ మందుల్లోని రిఫాంపిసిన్ మాలా-ఎన్ బలాన్ని తగ్గించేస్తుంది, మాత్ర మింగుతున్నా కడుపు రావచ్చు. సికిల్ సెల్ ఉన్నట్టు కార్డు ఇచ్చి ఉంటే అది చూపించాలి, ఏ మందు సరిపోతుందో చూసి ఇస్తారు. ఒక రోజు మాలా-ఎన్ మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, ఆ రోజు రెండైనా సరే. వరసగా రెండు రోజులు మరిచిపోతే వారం రోజులు నిరోధ్ కూడా వాడాలి. పిక్కల్లో వాపుతో నొప్పి, గుండెలో నొప్పి, ఎప్పుడూ లేనంత తలనొప్పి, గంటకో గుడ్డ తడిసేంత రక్తం, వీటికి ఆగకుండా ఆసుపత్రికి రావాలి. చుక్కకు భయపడొద్దు, ధారకు భయపడండి అంది.

ముట్టు ఆచారం గురించి మమ్మల్ని చాలామంది అడుగుతారు. పట్నం నుంచి వచ్చి రాసుకునేవాళ్ళు రెండు రకాలు. మూఢనమ్మకం అని ఒకరు రాస్తారు, గిరిజనులు ఆడవాళ్ళకు విశ్రాంతి ఇస్తారు ఎంత గొప్ప అని ఇంకొకరు రాస్తారు. ఇద్దరూ వసారాలో ఒక రాత్రి పడుకోలేదు. పద్నాలుగు రోజులు చలిలో ఉన్న నడిపామెను అడిగితే ఒక మాట చెబుతుంది. నెలకు రెండే రోజులు కూర్చునే బడామెను అడిగితే ఇంకో మాట. ఆమెకు ముట్టు తగ్గాక ఇంట్లో పని పెరిగింది. అంతకుముందు నెలకు అయిదు రోజులు ఆమె మోపు ఎత్తేది కాదు, రోకలి పట్టేది కాదు. ఇప్పుడు మూడో రోజుకే తలంటుకుని పొయ్యి దగ్గరకు వస్తోంది. రక్తం మిగిలింది, ఒళ్ళు మాత్రం అలాగే అలిసిపోతోంది. మాత్ర మంచిదే. కానీ అది మా దగ్గర్నుంచి తీసుకుపోయింది కూడా ఉంది.

ఇప్పుడు మా ఊళ్ళో ఒక కొత్త మాట పుట్టింది. ఎవరు పుట్టించారో మాకే తెలియదు. మాత్ర వేసుకునే మనిషికి ముట్టు ఆలస్యమైతే నెల తప్పింది అనడం లేదు. నెల జరిగింది అంటున్నాం. పక్కకు జరిగింది, వస్తుంది. గెడ్డ దగ్గర ఒకామె నెల జరిగిందంటే రెండో ఆమె, ఎన్ని రోజులు, పదిహేను దాటిందా అని అడుగుతుంది. దాటితే నిశ్చయ్. అంతే, పేర్లు పైకి రావు. నడిపామె కూడా రెండో కాన్పు అయిన ఆరు నెలలకు మళ్ళీ మాలా-ఎన్ మొదలుపెట్టింది. ఈసారి మొదటి రెండు పట్టీల్లో మళ్ళీ చుక్కలు కనబడ్డాయి. అత్తే లెక్కపెట్టింది, ఇంకొక పట్టీ సూడు అంది. మూడో పట్టీకి సర్దుకుంది. మధ్యలో వచ్చే మాత్రపు చుక్కకు వసారా అక్కర్లేదని ఆ ఇంట్లో తేల్చుకున్నారు. విత్తనాల బుట్ట దగ్గర మాత్రం ఇంకా తేలలేదు. దిసారిని అడగాలని అత్త అంటోంది. ఆడవాళ్ళ సంగతి ఆయన్నెందుకు అడగడం అని పెద్దొదిన అంటోంది.

మొన్న మాఘంలో పెళ్ళయి వచ్చిన కొత్త కోడలు మా దగ్గరకు వచ్చింది. పట్టీ చేతిలో పెట్టకముందే ముట్టు సంగతంతా చెప్పాం. చుక్క రావచ్చు, తగ్గొచ్చు, జరగొచ్చు. చుట్ట తాగుతావా అని కూడా అడిగాం, నవ్వింది. అంతా విని, "మరి ముట్టు తగ్గిపోతే కూసునే రోజులెలాగ అప్పా?" అంది.

దానికి మేం ఒకటి చేస్తున్నాం. అత్తలకు నచ్చచెప్పింది పెద్దొదినే. గోధుమరంగు మాత్ర మొదలైన రోజు నుంచి నాలుగు రోజులు, రక్తం వచ్చినా రాకపోయినా, చుక్కే వచ్చినా, మోపు ఎత్తం, రోకలి పట్టం. వసారాలో కాదు, లోపల పొయ్యి పక్కన చాప వేసుకుని కూర్చుంటాం. ఆ రోజుల్లో చిన్నామె వచ్చి కూర్చుంటుంది, ఆమె మాత్రకు గోధుమరంగు లేకపోయినా.